తవిటినాయుడి ఎడమ చెయ్యి

గోపాలపట్నంలో ఆ పెంకుల షెడ్డు ఇప్పుడు లేదు. ఒకప్పుడు అది కొబ్బరితాళ్ళ గోదాము. వ్యాపారం మూతపడ్డాక ఇంజనీరింగ్ కళాశాల వాళ్ళు దాన్ని అద్దెకు తీసుకుని ప్రయోగశాల అని బోర్డు తగిలించారు గాని, వాన పడితే చాలు గోడల్లోంచి పాత పీచు వాసన వచ్చేది. హైమావతి పదకొండేళ్ళు ఆ వాసనలో గడిపింది. తర్వాత ఆమె ఎన్నో పెద్ద చోట్ల పనిచేసింది, చల్లటి గదుల్లో నున్నటి బల్లల ముందు కూర్చుంది. అయినా పని అన్న మాట వినగానే ఇప్పటికీ ఆమె కళ్ళముందు కదిలేవి ఆ షెడ్డూ, సహాయకుడు ఫిరోజ్ సోల్డరింగ్ పొగా, తవిటినాయుడు మేస్త్రి ఎడమ చెయ్యీ.

ఆ వాసనంటే ఆమెకు అంత ఇష్టం ఎందుకో ఫిరోజ్‌కి ఒక్కడికే తెలుసు. హైమావతి తల్లి భవనాల దగ్గర సిమెంటు కలిపేది. అప్పట్లో పరంజా అంటే సరుగుడు బాదులు, కొబ్బరితాళ్ళు. ఆ బాదులకే పాత చీరతో ఉయ్యాల కట్టి హైమను పడుకోబెట్టేది తల్లి. పైనుంచి సున్నం చుక్కలు రాలేవి. పైవాళ్ళు పాడుకుంటూ పనిచేస్తుంటే కింద ఉయ్యాల దానంతటదే ఊగేదట. ఆమెకు ఏడేళ్ళప్పుడు ఒకరోజు మధ్యాహ్నం దేముడమ్మ అనే ఆవిడ మూడో అంతస్తు పరంజా బల్లమీంచి పడిపోయింది. పొద్దున్నే హైమ తలలో కనకాంబరాలు పెట్టినావిడ. పెద్దవాళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు అదే బల్ల మీద ఇంకొకావిడ నిలబడి ఇటుకలు అందించింది. హైమ చదువంతా, ఆ తర్వాతి పనంతా, ఆ బల్ల చుట్టూనే తిరిగింది.

ఆమె కనిపెట్టింది ఒక తీగ. వెంట్రుక మందాన ఉండే గాజుపోగు. పరంజా పైపులకీ, వాటిని కలిపే క్లాంపులకీ చుట్టి అతికిస్తే, బరువు మారినప్పుడల్లా ఆ పోగులోంచి పోయే వెలుతురు కాస్త వణికేది; అది చూసి యంత్రం సైరను మోగించేది. పరంజా ఒక్క క్షణంలో కూలినట్టు కనిపిస్తుంది గాని, దాని కీళ్ళు చాలాముందే సడలడం మొదలుపెడతాయి. ఆ కాస్త వ్యవధి చేతికి దొరికితే మనుషులు దిగిపోవచ్చు. తీగకు నాడీతీగ అని పేరు పెట్టుకున్నారు. మధురవాడలో పధ్నాలుగు అంతస్తుల భవనం కడుతున్న ఒక సంస్థ, తమ పరంజా మీద దాన్ని చుట్టి చూసుకోమంది.

చుట్టారు. మొదటిరోజే సైరను నలభైసార్లు మోగింది. పరంజా ఎప్పుడూ ఊరికే ఉండదు. గాలికి ఊగుతుంది, ఎండకు సాగుతుంది, ఇటుకల గమేళా దింపితే కుంగుతుంది. యంత్రానికి అన్నీ ప్రమాదాలే. మూడోరోజుకి ఎవరో సైరను మూతిలో గోనెగుడ్డలు కుక్కేశారు.

"దీనికి భయం తెలుసు మేడమ్, అలవాటు తెలీదు," అన్నాడు ఫిరోజ్ గుడ్డలు పీకుతూ.

అదే రోజు వాళ్ళు తవిటినాయుణ్ణి మొదటిసారి చూశారు. రణస్థలం దగ్గరి మనిషి, ఆ భవనానికి పరంజా కట్టించే పెద్దమేస్త్రి. అరవై దగ్గర పడుతున్నా వెన్ను వంగలేదు. సైరను గొడవేదీ పట్టించుకోకుండా ఒక నిలువు పైపు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత పైన కూలీల ముఠాను చూసుకునే ఆవిడకి కేకేశాడు.

"ఒలే గున్నమ్మా! ఐదో అంతస్తులో సముద్రం పక్క మూల క్లాంపు సడలింది. ఎవుర్నీ అటు పోనియ్యకు. బిగించమను."

హైమావతి పరుగెత్తి తన తెరమీద చూసుకుంది. నలభై ఎర్రచుక్కల్లో అదొకటి. మిగతా ముప్ఫై తొమ్మిదీ ఉత్తివి.

"ఎలా తెలిసింది బాబాయ్?" అని అడిగింది.

"నాకేటి తెల్సమ్మా? సెయ్యి సెప్తాది," అన్నాడాయన.

ఆ మాట పట్టుకుని ఇద్దరూ షెడ్డుకు తిరిగొచ్చారు. తీగ చెప్పేదాన్ని యంత్రానికి కాక మనిషి చర్మానికి చెబితే ఎలా ఉంటుంది? ఫిరోజ్ నెల్లాళ్ళు కూర్చుని మెత్తటి తోలుతో ఒక పట్టీ కుట్టాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా తొడుక్కోవచ్చు. లోపల వందల సన్నటి మొనలు. పరంజాలో ఎక్కడ బరువు కదిలితే, చేతిమీద ఆ చోట చీమ పాకినట్టు తగులుతుంది.

మొదటి వారం తవిటినాయుడు చెయ్యి గోక్కుంటూనే ఉన్నాడు. రెండోవారం, ఏ చీమ ఏ అంతస్తుదో చెప్పసాగాడు. నెల తిరిగేసరికి చీమలు మాయమయ్యాయి.

"ఇప్పుడు పట్టీ ఉన్నట్టే లేదమ్మా," అన్నాడు ఒక ఉదయం. కింద ఇసకగుట్ట పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. "పరంజాయే ఉంది. అందులో నానున్నాను."

ఆ నాలుగు నెలలూ హైమావతి జీవితంలోకెల్లా సంతోషంగా గడిచిన రోజులు. తవిటినాయుడు పీటమీద కూర్చునే లేచిన అంతస్తులన్నిటినీ కాసేవాడు. పునాది పక్క మన్ను మెత్తబడిందనీ, నిలువు పైపుల కింద అడుగుబల్లలు వెడల్పుగా వెయ్యమనీ చెప్పేవాడు. నడిచే బల్ల చివర తాడుతో కట్టకుండా వదిలేస్తే అడుగు పడకముందే పట్టుకునేవాడు. ఇటుకలన్నీ ఒక్కచోట పేరిస్తే, "ఎవుడ్రా నా ఎన్నుమీద కూకున్నాడు!" అని అరిచేవాడు. పైవాళ్ళు నవ్వుకుంటూ సర్దేవాళ్ళు. సైరను ఎప్పుడో పీకి పక్కన పడేశారు. మధ్యాహ్నం ఆయన భార్య ఎర్నమ్మ రాగులతో కాచిన చోడంబలి తెచ్చేది. ఉల్లిపాయ నంజుకుని అందరూ తాగేవాళ్ళు. హైమావతి తల్లి చేతి అంబలి రుచి కూడా అదే. ఫిరోజ్‌కి మాత్రం ఆ పులుపు ఎప్పటికీ అలవాటు కాలేదు. ముక్కు మూసుకుని తాగేవాడు. ఎర్నమ్మ కడుపు పట్టుకుని నవ్వేది.

ఒకరోజు ఆవిడ నవ్వలేదు.

"నిన్న పొయ్యిమీది సట్టి ఎడంసేత్తో ఎత్తీసినాడు తల్లీ," అంది హైమావతితో. "అరసెయ్యి బొబ్బలెక్కిపోయింది. ఎక్కినట్టు ఆడికి తెల్నే తెల్దు. నాను సూసి కేకేసినాక సూసుకున్నాడు."

హైమావతి ఆ చేతిని చూసింది. మందు రాసింది. షెడ్డుకు వచ్చి నోటుబుక్కులో ఇలా రాసుకుంది: పట్టీకీ నరాలకీ పూర్తిగా పొత్తు కుదిరింది. మంచి ఫలితం. కింద గీత కూడా గీసింది. తర్వాత జీవితంలో ఆమె ఎన్నో కాగితాలు పారేసింది గాని ఆ పేజీని మాత్రం దాచుకుంది, తనని తాను క్షమించుకోకుండా ఉండటానికి.

అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. ఆ రోజు గాలి ఇంకా పెద్దగా లేదు. పదిన్నరకి సన్నజల్లు పడుతోంది. ప్లాస్టరింగు వాళ్ళు పని తొందరలో, పరంజాను గోడకు పట్టి ఉంచే కట్లు అడ్డొస్తున్నాయని సముద్రం వైపు వరసగా విప్పేశారు. సాయంత్రం మళ్ళీ బిగిద్దామనుకున్నారు. దుమ్ము పడకుండా కట్టిన ఆకుపచ్చ వల మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా అలాగే ఉంది. అంతలో గాలి లేచి దాన్ని తెరచాపలా నింపింది.

పీటమీద తవిటినాయుడు ఒక్కసారిగా ఎడమ డొక్క పట్టుకున్నాడు.

"అమ్మా! నా పక్కటెముకలు ఇప్పేత్తన్నారు!"

మరుక్షణమే లేచి, కంఠం చినిగిపోయేలా అరిచాడు. "దిగండ్రా! అన్నీ ఒగ్గీసి దిగండి! సముద్రం పక్క మెట్లు వొద్దు, కొండ పక్కనుంచి దిగండి! బేగ!"

ఎవరూ ఎందుకని అడగలేదు. నాలుగు నెలల్లో ఆయన మాట ఒక్కసారీ తప్పు కాలేదు. గమేళాలు, తాపీలు ఎక్కడివక్కడ వదిలేశారు. పైఅంతస్తుల వాళ్ళు కిటికీ ఖాళీల్లోంచి భవనం లోపలికి దూకారు. గున్నమ్మ అందరికంటే చివర దిగింది, ముందున్న వాళ్ళ పేర్లు పిలుచుకుంటూ. మొత్తం ముప్ఫైయేడు మంది. ఆవిడ ఇసకమీద కాలు పెట్టిన కాసేపటికి పరంజా గోడనుంచి మెల్లగా పక్కకు జరిగింది. ఒక క్షణం అలాగే నిలబడింది. తర్వాత సముద్రం వైపు భాగం భాగమంతా ముడుచుకుని నేలమీద పడింది.

ఒక్కరికీ గీత పడలేదు. నొప్పి తవిటినాయుడొక్కడికే. ఆయన పీటమీంచి పడిపోయి, విరిగిన చేతిని పట్టుకున్నట్టు ఎడమ చేతిని ఒడిలో పెట్టుకుని మూలుగుతున్నాడు. చేతికి దెబ్బేమీ లేదు.

ఆస్పత్రిలో డాక్టరు ఆయన కళ్ళకు గంతలు కట్టి, సన్నటి సూదితో ఎడమ చూపుడువేలు మీద పొడిచాడు.

"ఏం తెలుస్తోంది?"

"ఏడో అంతస్తులో ఎవరో నడుత్తన్నారు బాబూ," అన్నాడు తవిటినాయుడు. "కొండ పక్కన."

బొటనవేలు మీద పొడిచాడు. "అది అడుగుబల్ల."

డాక్టరు హైమావతిని వరండాలోకి తీసుకెళ్ళాడు. మెదడులో ఎడమ చేతికి ఉండాల్సిన చోటంతా పరంజా ఆక్రమించుకుందనీ, పట్టీ విప్పేస్తే కొంత తిరిగి రావచ్చనీ, ఇలాగే కొనసాగితే ఇక రాదనీ చెప్పాడు. భుజం దాకా పాకినా ఆశ్చర్యపోవద్దన్నాడు.

ఆ వారమంతా షెడ్డుకి జనం వచ్చిపోతూనే ఉన్నారు. సంస్థ పెద్దలు పూలదండలతో వచ్చారు. ముప్ఫైయేడు ప్రాణాలు! ప్రతి భవనానికీ ఒక తవిటినాయుడు కావాలన్నారు. నలభై పట్టీలు వెంటనే చేసిపెట్టమన్నారు. ఒక్క మనిషిని కూర్చోబెడితే చాలు కదా, ఇంతకంటే సులువేముంది అన్నారు. చేతి సంగతి హైమావతి చెబితే, సంతకాలు తీసుకుందాం, ఇష్టపడేవాళ్ళే వస్తారు అన్నారు.

అందరూ వెళ్ళాక ఎర్నమ్మ వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మా ఆయన సెయ్యి నాకిచ్చీ తల్లీ," అంది. "పెళ్ళినాడు ఆ సెయ్యే పట్టుకున్నాను. ఇప్పుడు పట్టుకుంటే, ఎవరో బల్ల సర్దుతన్నారంటాడు."

హైమావతి ఆ మధ్యాహ్నమే మధురవాడ వెళ్ళింది. కూలిన భాగాన్ని మళ్ళీ కడుతున్నారు. తవిటినాయుడు పట్టీ వేసుకుని అదే పీటమీద ఉన్నాడు.

"విప్పెయ్ బాబాయ్."

"పైన జనం ఉండగా ఎలాగిప్పుతానమ్మా?"

"వాళ్ళని దింపించేస్తాను."

"రేపు మళ్ళీ ఎక్కరేటి? ఇంకో అయిదంతస్తుల పనుంది. నాను కూకుంటేగాని ఎక్కమంటన్నారు. ఒక్క సెయ్యే కదా, ముసిలోణ్ణి, పోతే పోనీ."

"అది నీ ఒక్కడిదే కాదు, పిన్నిది కూడా," అంది హైమావతి. ఆయన తల దించుకున్నాడు గాని పట్టీ మీద చెయ్యి వెయ్యలేదు.

ఏం చెయ్యాలో తోచక ఆమె ఇసకమీద కూర్చుండిపోయింది. ఎదురుగా స్లాబు పని జరుగుతోంది. మిక్సరు నుంచి మెట్ల పైదాకా ఆడా మగా వరసగా నిలబడి కాంక్రీటు గమేళాలు చేతులు మార్చుకుంటున్నారు. ఒకరి చేతిలో గమేళా రెండు క్షణాలుంటుంది, అంతే. పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది. ఆ వరసలో చంటిపిల్ల తల్లి ఉంది, మోకాలి నొప్పితో కుంటే అతనున్నాడు. లారీలకొద్దీ కాంక్రీటు పైకి పోతోంది. ఎవరి నడుమూ విరగడం లేదు. చిన్నప్పటి నుంచీ ఆమె చూస్తున్నదే అది. ఆరోజే కనబడింది.

సాయంత్రం ఫిరోజ్‌తో చెప్పింది. "ఒకరికే అంతా ఎందుకు తెలియాలి? ఎక్కే ప్రతివాళ్ళకీ కాస్త తెలిస్తే చాలదూ? తాము నిలబడ్డ బల్ల, దానికి అటూ ఇటూ. చింతగింజంత బిళ్ళ, మణికట్టు మీద. రోజుకో చోటికి మార్చుకుంటే ఏ వేలూ మొద్దుబారదు."

ఫిరోజ్ సోల్డరింగ్ కడ్డీ పక్కన పెట్టాడు. "అందరికీ కొంచెం తెలిస్తే, ఎవరికీ మొత్తం తెలీదు మేడమ్. అక్కడే ప్రాణాలు పోతాయి."

"అందుకే వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోవాలి."

"చెప్పుకుంటారా?"

ఆ ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలో లేదు. సంస్థవాళ్ళు ఒప్పుకోలేదు. నలభై పట్టీలే కావాలన్నారు. ఒక పట్టీ కూడా చెయ్యనని హైమావతి రాసిచ్చేసింది. ఫిరోజ్ ఆ కొలతల కాగితాలన్నీ చింపి సిమెంటు సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ళావిడ వాటితో వారంరోజులు నీళ్ళు కాచిందట. చివరికి దారి చూపించింది గున్నమ్మ. బిళ్ళల సంగతి విని, ఆవిడతో సహా ఆ ముప్ఫైయేడు మందీ మర్నాడు పొద్దున్నే వచ్చి పరంజా కింద కూర్చున్నారు.

"మా మేస్త్రి సెయ్యి తినేసి మేం బతకాలేటి?" అంది గున్నమ్మ సైటు ఇంజనీరుతో. "ఆ బిళ్ళలేవో మాకియ్యండి. మేవే సూసుకుంటాం."

మూడురోజులు భవనం పని కదల్లేదు. నాలుగోరోజు సంస్థ ఒప్పుకుంది.

ఫిరోజ్ బిళ్ళలు చేసి తెచ్చాడు. తవిటినాయుడే వాళ్ళకి గురువయ్యాడు. గాలికి ఊగడం ఎలా తగులుతుందో, కట్టు సడలడం ఎలా తగులుతుందో, మనిషి అడుగు ఏదో, ఇటుకల బరువు ఏదో ఒక్కొక్కరి పక్కనా కూర్చుని నేర్పాడు. అంతకంటే కష్టపడి కేకెయ్యడం నేర్పాడు. ఆడవాళ్ళు మేస్త్రిల మీద కేకెయ్యడానికి జంకేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు, తప్పయితే నవ్వుతారని నోరు కట్టేసుకునేవాళ్ళు.

"నవ్వితే నవ్వనీ," అనేవాడు. "అనుమానం వత్తే అరిసీ. ఆగు అను సాలు. ఇన్నోడు పక్కోడికి సెప్పాల, అడిగి సెప్పడం కాదు, ఇన్నెంటనే."

నవంబరు నెలాఖరున ఒక సోమవారం ఉదయం ఆయన పట్టీ విప్పాడు. విప్పుతున్నప్పుడు ఎర్నమ్మ పక్కనే నిలబడింది. ఫిరోజ్ ఒక్కో కట్టూ ఊడదీస్తుంటే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. అంతస్తులు ఒకటొకటిగా దీపాలారినట్టు పోతున్నాయన్నాడు. లోపల చెయ్యి పాలిపోయి, ముడతలు పడి, ఎవరిదో చెయ్యిలా ఉంది. ఎర్నమ్మ దాన్ని కొబ్బరినూనెతో మర్దనా చెయ్యడం మొదలుపెట్టింది. ఆ పని ఆవిడ రెండేళ్ళు మానలేదు. బొటనవేలూ, చూపుడువేలూ తిరిగొచ్చాయి. మిగతా మూడూ రాలేదు.

పట్టీ విప్పిన మూడోరోజు, భోజనాలకు కాస్త ముందు, ఆరో అంతస్తులో గున్నమ్మ "ఆగు!" అని అరిచింది. తను నిలబడ్డచోట ఏదో తేడాగా ఉయ్యాలూగినట్టయింది. పక్కవాళ్ళు అరిచారు. కిందివాళ్ళు, పైవాళ్ళు అందుకున్నారు. ఊపిరి పీల్చి వదిలేలోగా కేక భవనం చుట్టూ తిరిగొచ్చింది. నలభై మందీ పనులు వదిలేసి, తోసుకోకుండా, ఒకరి వెనక ఒకరు దిగిపోయారు.

కిందికొచ్చి చూస్తే కొండ పక్క మూల పైపుకి మెడ రాసుకుంటూ ఒక ఎర్రావు. తన్మయత్వంలో కళ్ళు సగం మూసుకుని ఉంది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ ఇసకలో కూలబడి నవ్వారు. గున్నమ్మ ముఖం ఎర్రబడింది. సైటు ఇంజనీరు మాత్రం మండిపడుతూ వచ్చాడు.

"ఆవు గోక్కుంటే నలభై మంది దిగుతారా? పని సాగినట్టే!"

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. "ఆవుకి దిగినోళ్ళు గాలికీ దిగుతారు బాబూ," అన్నాడు. తర్వాత గున్నమ్మ వైపు తిరిగాడు. "బాగా అరిసినావమ్మా."

ఆవుని అదిలించి, ఆ మూల కంచె వేయించారు. జనం మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టారు. ఆవు మీద ఒకరికొకరు హాస్యాలు విసురుకుంటూ వెళుతున్నారు. హైమావతి పీట పక్కన ఇసకమీద కూర్చుంది. తవిటినాయుడు మళ్ళీ పీటమీద కూర్చుని ఆ గొంతులు వింటున్నాడు.

"అందరూ ఎక్కీసారేటమ్మా?"

"ఎక్కుతున్నారు బాబాయ్."

"పైన ఏటవుతందో నాకు తెల్డంలేదు."

"ఎలా ఉంది?" అని అడిగింది హైమావతి. జవాబు వినడానికి ఆమెకు భయమేసింది.

"కాళీగా ఉందమ్మా," అన్నాడు. ఎడమ చేతి వేళ్ళు నిమురుకుంటూ, "బాగుంది," అన్నాడు.

ఇసకగుట్ట వెనకనుంచి ఎర్నమ్మ అన్నానికి రమ్మని పిలిచింది. ఆయన భుజం మీది తువ్వాలు దులుపుకుని లేచాడు. అప్పుడే పైనెక్కడో బల్ల జరిగిన చప్పుడయింది. ఎవరో ఎవరినో పేరుపెట్టి కేకేశారు, ఇంకెవరో బదులు పలికారు. తవిటినాయుడు తలెత్తి చూడలేదు. ఆకలిగా ఉన్న మనిషిలా గబగబా నడిచి, భార్య వెనకాల వెళ్ళిపోయాడు.